వేలు అనే మనిషి లేడు

ఫిబ్రవరి 10, సోమవారం

డ్యూటీ ఎక్కేసరికి ఫిమేల్ వార్డులో కొత్త పేషెంటు. విదేశీ మనిషి. అరవై దాటి ఉంటాయి. నిన్న సాయంత్రం రైల్లో కుప్పకూలిపోయిందట. ఏలూరు స్టేషన్లో దింపి అంబులెన్సులో మా దగ్గరికి తీసుకొచ్చారు. స్ట్రోక్. కుడి చెయ్యి, కుడి కాలు కదలడం లేదు. మాట దాదాపు పోయింది.

జేబులో జనరల్ టికెట్టు ఒక్కటే ఉంది. పాస్‌పోర్టూ ఫోనూ ఉన్న బ్యాగు రైలుతోపాటే వెళ్లిపోయి ఉంటుంది. ఎడమచేతిలో మాత్రం ఒక గుడ్డసంచి గట్టిగా పట్టుకుని ఉంది. అందులో దారాలకి వేలాడే, లావుపాటి గోధుమరంగు కడ్డీల్లాంటివి. వార్డు ఆయమ్మ కొవ్వొత్తులంది. వాసన చూశాను. ద్రాక్షపళ్ల వాసన. కొవ్వొత్తులు కావు.

కేస్ షీట్‌లో పేరు దగ్గర "అన్‌నోన్ ఫిమేల్" అని రాశారు. నేషనాలిటీ దగ్గర ఖాళీ.

ఫిబ్రవరి 11, మంగళవారం

ఆవిడకి నాలుగైదు మాటలు మిగిలాయి. అవే మళ్లీ మళ్లీ అంటోంది. అర్థం చేసుకోవడం మాత్రం కొంచెం ఉన్నట్టుంది. కళ్లలో తెలుస్తోంది.

టౌన్ స్టేషన్ నుంచి కానిస్టేబుల్ ప్రసాదరావు గారు వచ్చారు. మంచివాడు. చెప్పులు బయట విప్పి లోపలికొచ్చాడు. మంచం పక్కన కూర్చుని ఇంగ్లీషులో అడిగాడు, హిందీలో అడిగాడు. ఆవిడ నోరు ఒక పక్కకి లాగుతూ కష్టపడి ఒక మాట అంది. మళ్లీ అడిగితే మళ్లీ అదే. ప్రసాదరావు గారి ముఖం వెలిగిపోయింది. సకార్త్ వేలు అంటున్నారండీ, వేలు అంటే అరవపేరండీ, ఈవిడ ఎవరో వేలు అనే అతని దగ్గరికి వచ్చుంటారు అన్నాడు. చెన్నై పోలీసులకి మెసేజ్ పెట్టిస్తానన్నాడు. ఫోటో ఢిల్లీకి కూడా పంపారట. టైం పడుతుందట.

మాకూ నిజమే అనిపించింది. సాయంత్రం దాకా నేనూ ఆవిడతో "వేలు వస్తారండీ, వచ్చేస్తారు" అంటూనే ఉన్నాను. ఆవిడ నా ముఖం అదోలా చూసింది.

ఫిబ్రవరి 12, బుధవారం

ఈవిడకి కోపం ఎక్కువ అని వార్డంతా అనుకుంటున్నారు. ఎవరు దగ్గరికెళ్లినా "గో గో" అంటోంది. సరే, ఇబ్బంది పెట్టడం ఎందుకని దుప్పటి కప్పి వచ్చేస్తున్నాం. వచ్చేస్తుంటే ఇంకా గట్టిగా "గో గో".

ఆయమ్మ మాత్రం ఈవిడకి తెలుగు వచ్చంటుంది. నొప్పి ఉందా అంటే "ఉండి" అంటారండీ, ఉంది అనలేక అలా అంటన్నారు అని ఆయమ్మ మాట. డాక్టర్ సుకుమార్ గారు కూడా నవ్వి, తలనొప్పికి ఒక టాబ్లెట్ రాశారు. టాబ్లెట్ నోటి దగ్గర పెడితే ఆవిడ ముఖం తిప్పేసుకుంది.

మధ్యాహ్నం ప్రసాదరావు గారు వచ్చి, వేలు దొరకలేదండీ అని చేతులు తిప్పి చెప్పాడు. అప్పుడు ఆవిడ ఒక పని చేసింది. ఎడమ అరచెయ్యి దుప్పటి మీద పెట్టి గుండ్రంగా తిప్పింది. తిప్పి, మధ్యలో వేలు పెట్టి నొక్కింది. సకార్త్‌వేలు అంది. మళ్లీ తిప్పింది. మళ్లీ నొక్కింది.

మనిషిని చూపించాలంటే మనం ఇంతెత్తు అని చెయ్యి పైకెత్తుతాం. నేల మీద గుండ్రంగా చుట్టం.

ఇది ఇంటికొచ్చాక తట్టింది. అక్కడున్నప్పుడు తట్టలేదు.

ఫిబ్రవరి 13, గురువారం

ఎవరో ఫోన్‌లో రష్యన్ వినిపించారు. ఆవిడ కళ్లు మూసుకుని గోడవైపు తిరిగిపోయింది. సాయంత్రం దాకా ఇటు తిరగలేదు.

అదే రోజు, రాత్రి భోజనాలయ్యాక

వెస్లీతో చెప్పాను. మా ఆయన స్కూల్లో సోషల్ చెప్తారు. ఆయనకి ఏదైనా చెప్తే క్లాసు తీసుకుంటారు. ఈసారి తీసుకోనిచ్చాను.

మనం పిలిచే పేరుతో ఏ దేశం వాళ్లూ తమని తాము పిలుచుకోవాలని లేదు అన్నారు. జర్మనీ వాళ్లు డాయిచ్‌లాండ్ అంటారట. ఈజిప్టు వాళ్లు మిస్ర్. ఫిన్లండు వాళ్లు సువోమి. మా నాయనమ్మ గుర్తొచ్చింది. ఇంగ్లండు అనే మాట ఆవిడకి తెలీదు. దొరలది "సీమ" అనేది, అంతే. ఎవరైనా దొరసాని మా ఊళ్లో పడిపోయి నాది ఇంగ్లండ్ అంటే మా నాయనమ్మ ఏం చేసేది?

అలాగైతే ఆవిడ చెప్తున్నది మనిషి పేరు కాదేమో, ఊరో దేశమో అన్నాను. మీ చాక్‌పీస్ సంచిలో అట్లాస్ ఉందా అని అడిగాను. ఉందన్నారు. సెవెంత్ క్లాస్ పిల్లలది. తెలుగులో ఉంటుంది, ఆవిడ చదవలేదు కదా అన్నారు. చదవక్కర్లేదు, ఆకారం తెలుస్తుంది అన్నాను.

ఫిబ్రవరి 14, శుక్రవారం

ఉదయం వెళ్లేసరికి జ్వరం. ఊపిరి గురగురమంటోంది. మింగడం సరిగ్గా లేక నీళ్లు ఊపిరితిత్తుల్లోకి వెళ్లుంటాయని సుకుమార్ గారన్నారు. వెంటనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ మొదలుపెట్టాలి. పాత జబ్బులేమిటో, ఏ మందు పడుతుందో ఏ మందు పడదో తెలియకుండా మొదలుపెట్టడం ఆయనకి ఇష్టం లేదు. ఆగడానికీ లేదు. టెస్ట్ డోస్ ఇచ్చి చూద్దాం, పది గంటలకి అన్నారు.

అట్లాస్ తెరిచి ఆవిడ ముందు పెట్టాను. ప్రపంచ పటం. ఎడమచెయ్యి పైకెత్తింది. అమెరికా మీద పెట్టలేదు, రష్యా మీద పెట్టలేదు. నల్ల సముద్రం దగ్గరికి వెళ్లి ఆగింది. వేలి కింద మూడు దేశాలున్నాయి. టర్కీయా అన్నాను. "అరా." ఆర్మేనియా అన్నాను. కాసేపు ఆలోచించి "అరా." అరా అంటే కాదు అని అప్పుడు తెలిసింది. ఇంకో చిన్న ముక్క మిగిలింది. అట్లాస్‌లో జార్జియా అని ఉంది.

జార్జియా! మన వాళ్లందరూ ఎం.బి.బి.ఎస్.కి పంపించే జార్జియా. ఆ పేరుతో బోర్డులు చూడకుండా ఏలూరులో బజారుకి వెళ్లలేం.

జార్జియానా అండీ అని గట్టిగా అడిగాను. ఆవిడకి ఆ మాట అంతగా ఎక్కలేదు. ఫోన్ తీసి, ట్రాన్స్‌లేషన్‌లో జార్జియన్ భాష పెట్టి, "మీరు జార్జియా నుంచి వచ్చారా?" అని తెలుగులో టైపు చేసి, స్పీకర్ నొక్కాను. ఆడగొంతు ఏదో అంది. దాని మధ్యలో స్పష్టంగా "సకార్త్‌వేలో."

ఆవిడ ఏడ్చింది. నోరు ఒక పక్కకే కదులుతుంటే ఏడుపు ఎలా ఉంటుందో అందరికీ తెలియదు. "కీ, కీ, కీ" అంది. అవును అని.

వెంటనే రెండో ప్రశ్న. ఎవరి దగ్గరికి వచ్చారు?

"ఉండి."

మళ్లీ ఉండి. ఏముంది అనబోయి ఆగాను. ఎడమచెయ్యి దుప్పటి మీద గుండ్రంగా తిరుగుతోంది. వేలు మధ్యలో నొక్కింది. ఇదీ ఊరే. భీమవరం పక్కన ఉండి. మూడు రోజులుగా మాకు ఊరిపేరు చెప్తుంటే మేం తలనొప్పికి మందిస్తున్నాం.

ప్రసాదరావు గారికి ఫోన్ చేశాను. ఉండిలో జార్జియా వెళ్లి మెడిసిన్ చదివిన వాళ్లెవరైనా ఉన్నారేమో కనుక్కోండి, త్వరగా, పది గంటల లోపల అన్నాను. అక్కడి స్టేషన్‌కి చెప్తానండీ అన్నాడు. అరగంట కాలేదు. దొరికాడు. దుర్గాసాయి. తెలిసిన ఇల్లేనట. పెళ్లిపందిరి వేస్తున్నారట.

అతనే వీడియో కాల్ చేశాడు. ఫోన్ ఆవిడ వైపు తిప్పాను. తెర మీద కుర్రాడు "మనన దేయిదా!" అని అరిచాడు. ఆ తర్వాత గబగబా వాళ్ల భాష. గోదావరి జిల్లా కుర్రాడి నోట్లోంచి ఆ భాష వస్తుంటే వార్డంతా నోరు తెరుచుకుని చూసింది.

ఆవిడ పేరు మనన, దేయిదా అంటే ఆంటీ అట. తిబిలిసీలో ఇతను అద్దెకున్న ఇంటి ఓనరు. ఆరేళ్లు ఆ ఇంట్లోనే ఉన్నాడు. వచ్చేసేటప్పుడు నా పెళ్లికి రావాలి అన్నాడట. అందరికీ చెప్పినట్టే చెప్పానండీ, ఆవిడ ఎప్పుడూ విమానం ఎక్కలేదండీ, నిజంగా వస్తారని నేను అనుకోలేదండీ అన్నాడు. ముందుగా చెప్పకుండా వచ్చి ఆశ్చర్యపరుద్దామనుకుందేమో. ఎక్కింది మాత్రం వేరే రైలు. అది ఉండి వెళ్లదు.

అతను ఆవిడ కూతురి నంబరిచ్చాడు. తామర్. అక్కడ తెల్లవారుతోంది. తల్లి ఫోన్ ఎత్తడం లేదని నాలుగు రోజులుగా నిద్రలేదట ఆ అమ్మాయికి. ఇంగ్లీషు బాగా వచ్చు. సుకుమార్ గారు ఫోన్ తీసుకున్నారు. అమ్మకి గుండె దడ ఉందట, రక్తం పల్చబడే మందు వాడుతుందట. రైలు ప్రయాణంలో మానేసి ఉంటుంది. పెన్సిలిన్ పడదట. చిన్నప్పుడు ఇస్తే ఊపిరాగిపోయి బతికి బయటపడిందట.

ట్రేలో టెస్ట్ డోస్ సిద్ధంగా ఉంది, పెన్సిలిన్ జాతిదే. సుకుమార్ గారు దానివైపు చూశారు. నేనూ చూశాను. ఆయన దాన్ని పక్కన పెట్టించి, వేరే మందు రాశారు.

అన్నట్టు, తామర్‌ని ఇంకొకటి కూడా అడిగాను. "గోగో" అంటే ఏమిటని. అమ్మాయీ అని పిలవడమట.

ఫిబ్రవరి 15, శనివారం

దుర్గాసాయి రాలేదు. ఇవాళ పెళ్లికొడుకుని చేశారట. ఇక ఊరు దాటకూడదని పెద్దవాళ్లు ఆపేశారట. ఫోన్‌లో చెప్పాడు. నాకు కోపం వచ్చింది. సరేనండీ అని పెట్టేశాను.

జ్వరం కొంచెం తగ్గింది. ఎవరు దగ్గరికెళ్లినా ఆవిడ గోగో అంటోంది. ఇప్పుడు మేం వెళ్లడం లేదు, వస్తున్నాం.

ఫిబ్రవరి 16, ఆదివారం

చర్చి నుంచి నేరుగా డ్యూటీకి వెళ్లాను. మంచం పక్కన స్టూలు మీద ఒకావిడ కూర్చుని ఉంది. నేత చీర, మెడలో నల్లపూసలు, పాదాలకి పసుపు. దుర్గాసాయి వాళ్ల అమ్మ, సత్యవతి గారు. పెళ్లికొడుకుని ఆపారు గానీ పెళ్లికొడుకు తల్లిని ఎవరూ ఆపలేదండీ అంది. ఇంటినిండా చుట్టాలని వదిలేసి మొదటి బస్సుకే బయలుదేరి వచ్చింది.

ఇద్దరికీ ఒక్క మాట కలవదు. పొద్దుట్నుంచీ కూర్చునే ఉంది. తడిగుడ్డతో ముఖం తుడిచింది. చిక్కుపడ్డ జుట్టు దువ్వి, చిన్న జడ వేసింది. చెంచాతో జావ నేనే పట్టిస్తానంది. తల ఎత్తి పెట్టి, కొంచెం కొంచెంగా ఎలా పట్టాలో చూపించాను.

టీ తాగుతున్నప్పుడు నాతో అంది. "మా వాడు ఫోన్‌లో ఎప్పుడూ ఆంటీ అలా వండింది, ఆంటీ ఇలా తిట్టింది అనేవాడండీ. నాకు ఒళ్లు మండేది. కన్నదాన్ని నేనిక్కడుంటే ఆవిడెవరండీ వాణ్ని తిట్టడానికి?" ఒక గుక్క తాగి, "కరోనా అప్పుడు వాడికి జ్వరం తగిలితే ఈవిడే పక్కన కూర్చుందండీ. హాస్పిటల్లో బెడ్డుల్లేవు. నేను ఫోన్లో చూశాను" అంది.

కప్పు కడిగి పెట్టి మళ్లీ వెళ్లి కూర్చుంది.

ఫిబ్రవరి 18, మంగళవారం

తామర్ వచ్చింది. పొడుగ్గా, తల్లి ముక్కుతో. తల్లిని చూసి ఏడవలేదు. ముందు గోళ్లు కత్తిరించింది. తర్వాత ఏడ్చింది.

సంచిలో ఉన్నవి ఏమిటో ఆ అమ్మాయే చెప్పింది. అక్రోటు పప్పులు దారానికి గుచ్చి, చిక్కగా కాచిన ద్రాక్షరసంలో ముంచి ఆరబెడతారట. పెళ్లికొడుకు కోసం తెచ్చింది. ముక్కలు కోసి వార్డులో అందరికీ పెట్టింది. హెడ్ నర్సు సత్యవేదం గారికి షుగర్. ఒక ముక్క తిని, ఇంకో ముక్క కాగితంలో చుట్టుకున్నారు.

వెస్లీ స్కూలయ్యాక వచ్చారు. ఆయనకి ఒకటే సందేహం. సకార్త్‌వేలో ఎక్కడ, జార్జియా ఎక్కడ? తామర్‌ని కూర్చోబెట్టి అడిగారు. నేను సిగ్గుపడ్డాను గానీ ఆ అమ్మాయి సంతోషంగా చెప్పింది.

కార్త్‌లీ అని వాళ్ల దేశం నడిమధ్యన ఒక సీమ ఉందట. అక్కడి వాళ్లని బట్టి జనమంతా కార్త్‌వేలీలు. వాళ్ల భాషలో మాటకి ముందు "స", చివర "ఓ" తగిలిస్తే వాళ్లుండే చోటు అవుతుందట. స, కార్త్‌వేల్, ఓ. ముందొక అక్షరం, వెనకొక అక్షరం, మధ్యలో మనుషులు. జార్జియా అనేది బయటివాళ్లు పెట్టిన పేరు. పూర్వం పారసీకులు గుర్జ్ అనేవారట. తోడేళ్ల సీమ అని కొందరంటారు. గ్రీకులో సేద్యం చేసేవాడనే మాటనుంచి వచ్చిందని కొందరు, సెయింట్ జార్జి పేరని కొందరు. ఖాయంగా చెప్పడం కష్టమట. టర్కీ వాళ్లకి గుర్జిస్తాన్. పక్కనున్న ఆర్మేనియా వాళ్లకి వ్రాస్తాన్. రష్యన్లకి గ్రూజియా.

గ్రూజియా అనేటప్పుడు తామర్ గొంతు మారింది. ఆ పేరుతో పిలవొద్దని తమ ప్రభుత్వం దేశదేశాలనీ అడుగుతోందట. జపాన్ వాళ్లు మార్చారట. లిథువేనియా వాళ్లయితే సకార్త్‌వేలోనే తమ భాషలోకి తీసుకున్నారట. అమ్మకి రష్యన్ బాగా వచ్చు, కానీ రష్యాతో యుద్ధంలో మా పెదనాన్న ఊరు పోయినప్పట్నుంచీ ఆ భాషలో మాట్లాడదు అంది. గోడవైపు తిరిగింది అందుకే.

సత్యవతి గారు ఇవాళా వచ్చింది. వెస్లీ తెలుగులో చెప్తుంటే వింటూ, సేద్యగాళ్ల దేశమైతే మనవాళ్లేనండీ అంది. మరి మనల్ని మీరేమంటారు అని అడిగించింది. ఇండోయేతి అంది తామర్. మంచం మీంచి మనన గారు కూడా నెమ్మదిగా, "ఇం-డో-యేతి." కొత్త మాట. ఆవిడకి తిరిగొచ్చిన మొదటి మాట మన దేశం పేరు.

సుకుమార్ గారికి చెప్పడానికి పరుగెత్తాను.

ఫిబ్రవరి 20, గురువారం

రాత్రి తాడేపల్లిగూడెంలో పెళ్లి. పెళ్లికూతురి పేరు కుసుమ. మమ్మల్నీ పిలిచారు. ఆవిడని వదిలి ఎలా వెళ్తాం? తామర్‌ని వెళ్లమన్నాను. తను కూడా వెళ్లనంది. మనన గారిని పంపడం కుదరదని సుకుమార్ గారు ముందే చెప్పేశారు. సాయంత్రమంతా ఆవిడ కిటికీలోంచి ఆర్‌.ఆర్‌. పేట రోడ్డు వైపు చూస్తూనే ఉంది. అన్నం ముట్టలేదు.

ఫిబ్రవరి 21, శుక్రవారం

తొమ్మిది గంటలకి ఆసుపత్రి గేటు దగ్గర పూలదండలు కట్టిన కారు.

తాడేపల్లిగూడెం నుంచి ఉండి వెళ్లాలంటే దక్షిణం. ఏలూరు పడమర. కొత్తకోడలు అత్తారింట్లో అడుగుపెట్టకముందు ఆసుపత్రికా అని కారులో పెద్ద గొడవైందట. దుర్గాసాయి మేనత్త దిగనే దిగలేదు. సత్యవతి గారు మాత్రం స్థిరంగా ఉంది. "వాడు ఆరేళ్లు తిన్న ఇల్లు అది. ఆ ఇల్లు ఇప్పుడు ఈ వార్డుకొచ్చింది. ముందు ఇక్కడే అడుగుపెట్టాలి" అందట. ఇది డ్రైవరు ఆయమ్మకి చెప్తే ఆయమ్మ మాకు చెప్పింది.

సత్యవేదం గారు గుమ్మంలో అడ్డంగా నిలబడ్డారు. ఇద్దరికంటే ఎక్కువమంది లోపలికి రాకూడదు, పూలు తేకూడదు, గట్టిగా మాట్లాడకూడదు అన్నారు. అన్నీ చెప్పి, పక్కకి తప్పుకున్నారు. సత్యవతి గారు కోడల్ని గుమ్మం దగ్గర ఆపి, కుడికాలమ్మా అంది. కుసుమ మా ఫిమేల్ వార్డులోకి కుడికాలు పెట్టి వచ్చింది. బుగ్గన చుక్క, తలంబ్రాల బియ్యం ఇంకా జడలో ఉన్నాయి. మంచాల మీద ఆడవాళ్లందరూ లేచి కూర్చున్నారు.

దుర్గాసాయి దగ్గరికి వెళ్లి వంగాడు. ఏమంటుందా అని చూస్తున్నాం. మనన గారు ఎడమచేత్తో అతని చెవి పట్టుకుని మెలిపెట్టింది. గట్టిగానే. అతను అమ్మా అన్నాడు. తెలుగులోనే. అప్పుడు చెవి వదిలి, అదే చెయ్యి కుసుమ తల మీద పెట్టింది. నోరు కూడదీసుకోవడానికి చాలాసేపు పట్టింది. ఎవరూ తొందరపెట్టలేదు.

"ష్విలో" అంది.

ఏమన్నారని కుసుమ అడిగింది. తామర్ చెప్పబోతుంటే సత్యవతి గారు చెయ్యి అడ్డం పెట్టి, చెప్పక్కర్లేదులే, బిడ్డా అనే అయ్యుంటుంది అంది.

అదేనట.

ఫిబ్రవరి 22, శనివారం

వీక్లీ ఆఫ్. బట్టలు ఉతికాను. రెండుసార్లు వార్డుకి ఫోన్ చేశాను.

మార్చి 4, మంగళవారం

వెళ్లిపోయారు. కర్ర పట్టుకుని నాలుగడుగులు వేసింది, మిగతా దూరం వీల్‌చెయిర్. కుడిచెయ్యి ఇంకా రాలేదు. మాటలు ఇరవై దాకా వచ్చుంటాయి. వాటిలో ఒకటి నా పేరు, "రూబీ." రెండో అక్షరం దగ్గర ఆగుతుంది, అయినా పూర్తి చేస్తుంది.

డిశ్చార్జ్ షీట్ నేనే రాశాను. నేషనాలిటీ దగ్గర జార్జియా అని రాసి, పక్కన వాళ్ల పేరు కూడా రాశాను. అలా రెండు పేర్లు రాయకూడదమ్మా, కంప్యూటర్ తీసుకోదు అన్నారు సత్యవేదం గారు. తీసుకోలేదు. కాగితం మీద మాత్రం ఉంది.

దుర్గాసాయి, కుసుమ హైదరాబాద్ దాకా తోడు వెళ్లారు. సత్యవతి గారు స్టేషన్‌కి రాలేదు. ఆవిడ వెళ్లే రైలు నేను చూడలేనండీ అంది.

మార్చి 9, ఆదివారం

తెల్లవారుజామున కల. ఎక్కడో చలి ప్రదేశంలో మంచం మీద ఉన్నాను. చుట్టూ ఎవరెవరో. నీదే ఊరు అని అడుగుతున్నారని తెలుస్తోంది. ఏలూరు అన్నాను. వాళ్లకి అర్థం కాలేదు. ఏలూరు, ఏలూరు అన్నాను. ఒకాయన ఏదో కాగితం మీద రాసుకున్నాడు, తప్పుగా. నాకు కోపం రాలేదు. మళ్లీ చెప్పాను.